నాణెమా, బిళ్ళా? గుర్తు తెలియని లోహపు ముక్కల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అటక దులిపినప్పుడో, పాత పెంకుటిల్లు పడగొట్టినప్పుడో, నాయనమ్మ తాంబూలం పెట్టె తలకిందులు చేసినప్పుడో ఒక గుండ్రటి లోహపు ముక్క దొర్లుతుంది. దాని మీద రాజు బొమ్మ ఉండదు, మూడు సింహాలు ఉండవు, ఊరు పేరు కూడా ఉండదు. ఫొటో తీసి నాకు పంపుతారు. పదిమందిలో తొమ్మిదిమంది రాసేది ఒకే ముక్క: "సార్, ఎంతొస్తుంది?" దానికి జవాబు చాలాసార్లు పాత ఇత్తడి ధరే. "ఇది ఎవరి చేతిలో, ఏ పనికి తిరిగింది?" అని అడిగినవాళ్ళతో మాత్రం గంటలు గంటలు మాట్లాడాను. ఏళ్ళ తరబడి చెప్పినవే చెబుతున్నాను కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

నాకు దొరికింది నాణెమా కాదా అని ముందుగా ఎలా తేల్చుకోవాలి?

నాణెం చేతులు మారడానికి పుట్టింది. టోకెను తిరిగి సొంతదారు దగ్గరికే చేరడానికి పుట్టింది. మిగతా తేడాలన్నీ ఇందులోంచే వస్తాయి. ఒకే ఏడాది ఒకే ముద్రశాలలో కొట్టిన నాణేలు కవలల్లా ఉంటాయి. టోకెన్లకు ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఆ నంబరును కూడా తర్వాత విడిగా, అంకెకొక పోటు చొప్పున కొడతారు. అందుకే 47లో 4 కాస్త పైకి, 7 కాస్త పక్కకి ఒరిగి ఉంటుంది. అంకెల వెనకవైపు చిన్న ఉబ్బు కనిపిస్తే అది చేత్తో కొట్టిన నంబరేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

రెండో ఆనవాలు చిల్లు. పై అంచుకు దగ్గరగా, ముద్రలోనే దానికి చోటు వదిలి చేసిన చిల్లయితే ఆ బిళ్ళ మేకుకో తాడుకో వేలాడింది. బొమ్మను చీల్చుకుంటూ అడ్డదిడ్డంగా పడిన చిల్లయితే అది అసలు నాణెమే. ఎవరో తర్వాత పిల్లల మొలతాడుకో మెళ్ళోకో కట్టారు. సరిగ్గా నడిమధ్య పెద్ద చిల్లుంటే అది 1943-47 మధ్య వచ్చిన కంచు కాణీ కావచ్చు. పెద్దవాళ్ళు చిల్లుకాణీ అనేది దాన్నే. బరువు 2 గ్రాములు, వెడల్పు 21 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకంటే బరువుగా ఉంటే వాషరు అనుకోండి, తప్పుపోరు.

మురికిగా ఉంది, కడిగి ఫొటో పంపనా?

వద్దండీ. చేతులెత్తి మొక్కుతాను, చింతపండు ముట్టుకోకండి.

మనవాళ్ళకు రాగి కనబడితే చాలు, చెయ్యి చింతపండు డబ్బా మీదికి పోతుంది. నేనూ ఆ పాపం చేసినవాణ్ణే. పదిహేనేళ్ళ వయసులో నా దగ్గరో ముదురు గోధుమరంగు రాగి నాణెం ఉండేది. అక్షరాలు మసగ్గానైనా కనబడేవి. చింతపండు, ఉప్పు కలిపి రెండు నిమిషాలు రుద్దాను. బిందెలా తళతళలాడింది, అక్షరాలు మాత్రం పోయాయి. రాగి మీద ఏళ్ళ తరబడి పట్టిన ఆ ముదురు పొర లోహంలోంచే పుట్టింది. అరిగిపోయిన గీతలు ఆ పొర రంగుతేడాలోనే కనిపిస్తాయి. పులుపు దాన్ని కరిగించేస్తే కింద మిగిలేది గుంటలు పడిన ఎర్రటి రేకు.

మట్టి ఉంటే మామూలు నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి మెత్తటి బ్రష్షుతో తుడవండి. జిడ్డుంటే అసిటోన్ లోహానికి హాని చెయ్యదు, గాలి వెలుతురు ఉన్నచోట వాడండి. బూడిదరంగులో, బరువుగా, తెల్లటి పొడి రాలుస్తూ ఉంటే అది సీసం కావచ్చు. చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలకు ఇవ్వకండి.

ఏ పరికరాలు కావాలి?

నగలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా, ఒక వెర్నియర్ కాలిపర్, ఒక అయస్కాంతం. వీటితో సగం కథ తేలిపోతుంది.

అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటే ఇనుమో ఉక్కో, అరుదుగా నికెలో. రాగి, ఇత్తడి, కంచు, వెండి, బంగారం, సీసం అంటుకోవు. "అంటుకోలేదు కాబట్టి వెండే" అని ఎగరకండి, తగరమూ అంటుకోదు.

తర్వాత లోహం ఏదో తేల్చడానికి నీళ్ళ పరీక్ష. ముందు బిళ్ళను మామూలుగా తూచండి. తర్వాత గ్లాసులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. బిళ్ళను సన్నటి దారంతో కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా నీళ్ళలో ముంచి పట్టుకోండి. కాటా చూపించే అంకె ఆ బిళ్ళ పక్కకు నెట్టిన నీటి బరువు. మొదటి బరువును దీంతో భాగించండి. మొన్న ఒకావిడ పంపిన బిళ్ళ 9.42 గ్రాములు, నీళ్ళలో చూపించింది 1.10. భాగిస్తే 8.56, అంటే ఇత్తడి. అల్యూమినియం అయితే 2.7, తుత్తునాగం 7.1, తగరం 7.3, ఇనుము 7.9, రాగి 9కి కాస్త తక్కువ, వెండి 10.5, సీసం 11.3, బంగారం 19.3. ఆవిడ అప్పటిదాకా దాన్ని బంగారమని పసుపుగుడ్డలో చుట్టి బీరువాలో దాచుకున్నారు. మరీ చిన్న బిళ్ళలతో ఈ లెక్క తప్పుతుంది. రెండు గ్రాముల లోపువాటికి నేను దీన్ని నమ్మను.

రెండువైపులా పూర్తిగా అరిగి నున్నగా ఉంది. అయినా ఏ నాణెమో చెప్పగలరా?

చాలాసార్లు చెప్పొచ్చు. బొమ్మ అరిగినంత తొందరగా బరువు తరగదు. బ్రిటిషు కాలం వెండి రూపాయి 11.66 గ్రాములు, అర్ధరూపాయి 5.83, పావలా 2.92, వెండి బేడ 1.46. బాగా అరిగినవి ఇంతకంటే కొద్దిగా తక్కువ తూగుతాయి, ఎక్కువ మాత్రం తూగవు. కాణీ, అంటే పావు అణా, రాగిది 6.48 గ్రాములు ఉండేది. 1906 నుంచి కంచుతో చేసి 4.86కు తగ్గించారు. వెడల్పు రెండింటికీ ఇంచుమించు 25 మిల్లీమీటర్లే. కాబట్టి తూకమే వాటిని విడదీస్తుంది.

అంచు ఆకారం కూడా సాక్షే. అలలు తిరిగిన అంచయితే అణా. నలుచదరంగా మూలలు మొద్దుబారి ఉంటే బేడ. తేలికగా, సత్తుగిన్నె ముక్కలా ఉండి పలకలు తిరిగితే 1964 తర్వాతి అల్యూమినియం పైసలు. ఒక పైసా, ఐదు పైసలు చదరం, మూడు పైసలు ఆరు పలకలు, రెండు, పది పైసలు అలల అంచు.

చూడ్డానికి చిట్కా ఒకటి. గది చీకటి చేసి, ఫోను టార్చిని బిళ్ళకు ఎదురుగా కాకుండా బల్ల మట్టానికి దించి, పక్కనుంచి వెయ్యండి. బిళ్ళను నెమ్మదిగా తిప్పండి. ఏదో ఒక కోణంలో ఒక కిరీటపు అంచో ఒక అక్షరమో నీడగా లేస్తుంది. పల్చటి కాగితం కప్పి పెన్సిలు పక్కవాటుగా రుద్దినా ఫలితం ఉంటుంది, చిన్నప్పుడు పావలా బొమ్మలు దించుకునేవాళ్ళం కదా, అదే.

ఇత్తడి బిళ్ళ. ఒక నంబరు, పైన చిల్లు, రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఏమిటిది?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. అసలు "బిళ్ళ" అనే మాటలోనే మన ఊళ్ళ చరిత్ర సగం ఉంది. సర్కారు కచేరీలో అడ్డపట్టీ మీద ఇత్తడి బిళ్ళ తగిలించుకుని నిలబడేవాడు బిళ్ళ బంట్రోతు. ఆ బిళ్ళ చూస్తే చాలు, జనం పక్కకు తప్పుకునేవారు. ఆఫీసు పేరు చుట్టూ వంపుగా చెక్కి, వెనక రెండు కొక్కేలు అతికించి ఉంటాయి. కొక్కేలు ఊడిపోతే రెండు మచ్చలు మిగులుతాయి. వెనకవైపు ఆ మచ్చలుంటే అది టోకెను కాదు, ఒంటి మీద పెట్టుకున్న బిళ్ళ. రైల్వే కూలీ దండకు కట్టుకునేదీ అలాంటిదే, పోర్టర్లు ఇప్పటికీ "బిల్లా నంబరు" అంటారు.

చిల్లున్న నంబరు బిళ్ళల్లో మన దగ్గర ఎక్కువగా కనబడేవి సైకిల్ స్టాండువి. సినిమా హాలు పక్కన స్టాండువాడు జతలుగా పెట్టుకునేవాడు, ఒకటి హ్యాండిలుకి, ఒకటి మన చేతికి. ఇవి పల్చటి రేకుతో చేసినవి, అంచులు చేతికి గీసుకుంటాయి. గుళ్ళ దగ్గర చెప్పుల స్టాండు బిళ్ళలు కూడా ఇదే కుటుంబం. కుక్కలకు లైసెన్సు ఇచ్చినప్పుడు మునిసిపాలిటీలు మెడపట్టీకి కట్టమని లోహపు బిళ్ళ ఇచ్చేవి. దాని మీద నంబరుతో పాటు ఏడాది కూడా ఉంటుంది, చిల్లు దగ్గర అరుగుదల ఎక్కువ. బొగ్గు గనుల్లో దీపం తీసుకుని లోపలికి దిగేవాడు నంబరు బిళ్ళ ఒకటి దీపాల గదిలో వదిలేవాడు. షిఫ్టు అయ్యాక మేకు మీద ఇంకా ఏ నంబరు వేలాడుతోందో చూస్తే, లోపల ఎవరు మిగిలారో తెలిసేది. అస్సాం, సిల్హెట్ టీ తోటల్లో మాత్రం సంగతి వేరు. అక్కడ కూలీలకు చిల్లర బదులు ఇత్తడి బిళ్ళలే ఇచ్చేవారు, అవి తోట దుకాణంలోనే చెల్లేవి. గుండ్రటివే కాదు, మూడు మూలలవీ దొరుకుతాయి.

ఇక బ్యాంకు టోకెను. కౌంటర్లో చెక్కు ఇస్తే గుమాస్తా ఒక బరువైన ఇత్తడి బిళ్ళ చేతిలో పెట్టేవాడు. బ్యాంకు పొడి అక్షరాలు, లోతుగా చెక్కిన నంబరు, ఆ గాడిలో నల్లరంగు లేదా ఎర్రలక్క. క్యాషియరు నంబరు పిలిచేదాకా దాన్ని అరచేతిలో తిప్పుతూ కూచునేవాళ్ళం. మందం రెండు మిల్లీమీటర్ల పైన, చిల్లు ఉండకపోవచ్చు, అంచులు వేళ్ళ రాపిడికి గుండ్రబడి ఉంటాయి. అంత మెత్తగా అరిగిన అంచు సైకిల్ బిళ్ళకు రాదు.

ఇత్తడి బిళ్ళ మీద సీతారాముల పట్టాభిషేకం, వెనక నాగరి అక్షరాలు, 51740 అని అంకె ఉన్నాయి. అక్బరు కంటే పాతదా?

కాదు. ఇవి రామటంకాలు. పూజామందిరంలో పెట్టుకోవడానికి, శుభకార్యాల్లో ఇవ్వడానికి, తీర్థయాత్ర గుర్తుగా తెచ్చుకోవడానికి చేసినవి. ఏ రాజూ వీటిని చెలామణీకి కొట్టించలేదు. మంచివి వెండిలోనూ బంగారంలోనూ ఉన్నాయి. కొన్ని గిన్నెలా కాస్త లోతుగా ఉంటాయి. ఆ పాత వెండి టంకాల పనితనం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. 51740 అంకెతో వచ్చే ఇత్తడివి మాత్రం అచ్చుపోసి బస్తాలకొద్దీ తయారుచేసినవి. ఆ అంకెను సంవత్సరం అనుకుని లెక్కలు కట్టిన పెద్దమనుషులు నాకు చాలామంది తెలుసు. పూజలో ఉంటే ఉండనివ్వండి, దాని విలువ అక్కడే ఎక్కువ.

ఈస్టిండియా కంపెనీ హాఫ్ అణా, 1818, వెనక హనుమంతుడు. కోటి రూపాయలంటున్నారు, నిజమా?

కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. 1818 ఒక్కటే కాదు, 1717, 1616 తేదీలతో కూడా దొరుకుతాయి. మచిలీపట్నంలో 1611లో సరుకుల గిడ్డంగి తెరిచిన ఐదేళ్ళకే కంపెనీవాళ్ళు ఆంజనేయస్వామి బొమ్మతో అణాలు కొట్టించారంటే నమ్మేవాళ్ళను చూసి స్వామే నవ్వుకోవాలి.

ఇంతకూ కంపెనీ నాణేల మీద మన దేవుళ్ళు అసలే లేరా అంటే, ఉన్నారు. అందుకే ఈ అబద్ధం అంత సులువుగా నిలబడుతుంది. దక్షిణాదిలో కంపెనీ కొట్టించిన బంగారు వరహాల మీద విష్ణుమూర్తి ఉన్నాడు. 1808 ప్రాంతపు మద్రాసు పావు వరహా వెండి నాణెం మీద ఒకపక్క గోపురం, రెండోపక్క విష్ణువు, ఆ చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. అదే 1808లో ఇంగ్లండులో కొట్టించి మద్రాసుకు పంపిన 10, 20 కాసుల రాగి నాణేల మీద కంపెనీ సింహాల ముద్ర, వెనక పారశీక లిపి. ఉత్తర సర్కారుల (కోస్తా జిల్లాల) కోసం 1794లో, 1797లో వచ్చిన నాణేల మీద హృదయం ఆకారం, దాని నెత్తిన నాలుగు అంకె లాంటి గుర్తు, లోపల వి, ఇ, ఐ, సి అక్షరాలు ఉంటాయి. అది కంపెనీ సరుకు మూటల మీద వేసే గుర్తు. "48 టు వన్ రూపీ" అని రాసి ఉన్న ఆ రాగి బిళ్ళ మన జిల్లాల్లో డబ్బుగా తిరిగింది. డబ్బు అనే మాటే ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. హనుమంతుడి అణా కోసం వెతికేవాళ్ళు అసలైన దాన్ని చిల్లర డబ్బాలో వదిలేస్తున్నారని నా బాధ.

ఆ హనుమంతుడి బిళ్ళ బియ్యాన్ని లాగుతుందట. నా కళ్ళతో చూశాను!

చూసే ఉంటారు. రైస్ పుల్లింగ్ పేరుతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ముఠాలు పట్టుబడుతూనే ఉన్నాయి. రాగి బిళ్ళ, చెంబు, గంట, పేరు ఏదైనా కథ ఒకటే. పిడుగు పడ్డ రాగి, అందులో ఇరీడియం అనే అరుదైన లోహం, విదేశీ శాస్త్రవేత్తలు కొంటారు, పరీక్ష చేయించడానికి ముందు మీరు కొన్ని లక్షలు కట్టాలి.

ఇరీడియమూ అయస్కాంతం కాదు, రాగీ అయస్కాంతం కాదు. అసలు ఉత్త బియ్యం అయస్కాంతానికీ అంటుకోదు. బియ్యానికి ముందుగానే ఇనుప పొడి పట్టించి, బిళ్ళ లోపలో బల్ల కిందో అయస్కాంతం పెడితే గింజలు పాకుతూ వస్తాయి. ఈసారి ఎవరైనా చూపిస్తానంటే మీ ఇంటి డబ్బాలోంచి గుప్పెడు బియ్యం పట్టుకెళ్ళండి. ఆ రోజు గ్రహస్థితి బాగాలేదంటారు.

ఉర్దూ అక్షరాలు తప్ప ఏమీ లేవు. టోకెనా?

చాలావరకు నాణెమే, హైదరాబాదుదో గోల్కొండదో. చార్మినారు బొమ్మ ఉంటే మధ్య ద్వారంలో ఒక చిన్న అక్షరం ఉందేమో భూతద్దంతో చూడండి. "ఐన్" అయితే ఉస్మాన్ అలీఖాన్, "మీమ్" అయితే మహబూబ్ అలీఖాన్. అంటే నాణెం తన ప్రభువు పేరులోని మొదటి అక్షరాన్ని గుమ్మంలో నిలబెట్టుకుంది. రాగి, కంచు చిల్లర నాణేల (పైల) మీద అక్షరాలను పెనవేసి బొమ్మలా రాసిన తుగ్రా ఉంటుంది. తెలియనివాళ్ళు దాన్ని ముగ్గు అనుకుంటారు.

తేదీ హిజ్రీలో ఉంటుంది. ఆ అంకెల్లో సున్నా అంటే ఒట్టి చుక్క, అది అరిగిపోతే ఏడాది తలకిందులవుతుంది. హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది. 1329 అయితే 1911, ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన ఏడు. మందంగా, గుండ్రం కూడా సరిగా లేని రాగి బిళ్ళ మీద 1068 కనబడితే 1658, గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా కాలం. ఆ ఫలూసుల (రాగి నాణేల) మీద అంతా మంచితో, శుభంతో ముగిసింది అనే అర్థం వచ్చే వాక్యం పారశీక లిపిలో ఉంటుంది. గోల్కొండ పడిపోవడానికి అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు.

పొలం దున్నుతుంటే సీసపు ముద్దలు దొరికాయి. ఒకదాని మీద ఏనుగులా ఉంది.

ఇక్కడ నవ్వులాట ఆపి జాగ్రత్తగా వినండి. తెలుగు నేలలో సీసం, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిపిన లోహం), రాగి నాణేలంటే మొదట తట్టవలసిన పేరు శాతవాహనులు. గుర్తులు: ఏనుగు, మూడు గోపురాల్లా పేర్చిన కొండ, అడ్డగీతల నాలుగు చివర్లలో గుండ్రాలున్న ఉజ్జయిని గుర్తు, తీరప్రాంతంలో రెండు తెరచాపకొయ్యల ఓడ. జగిత్యాల జిల్లా కోటిలింగాల, పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరు, సంగారెడ్డి జిల్లా కొండాపూర్ లాంటి చోట్ల ఇలాంటివి పెద్దసంఖ్యలో బయటపడ్డాయి. కోటిలింగాలలో గోబద, నారన, సమగోప లాంటి శాతవాహనుల కంటే ముందటి పాలకుల నాణేలు దొరకబట్టే వాళ్ళ పేర్లు మనకు తెలిశాయి. ఇంత చిన్న ముద్ద ఒక రాజును చరిత్రలోకి లాక్కొచ్చింది.

అందుకే అవి ఎక్కడ, ఎంత లోతులో, వేటితో కలిసి దొరికాయన్నది వాటికంటే విలువైనది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన, పది రూపాయలకు మించి విలువచేసే సొత్తు ఏదైనా కలెక్టరుకు తెలియజెయ్యాలి. తహసీల్దారు ద్వారా చెప్పినా దారి దొరుకుతుంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణేన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. అమెరికాలో ఉన్న అబ్బాయికి పెట్టెలో సర్ది పంపుదామనుకునేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

అమ్మమ్మ పుతళీల పేరులోంచి (హారంలోంచి) ఊడిన బిళ్ళ. మనిషి బొమ్మలున్నాయి, అక్షరాలు ఏ భాషో తెలియదు.

ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. పుతళి అంటే బొమ్మ. ఆ బొమ్మలు వెనిస్ నగరానివి. మిరియాలకు, బట్టలకు బదులుగా వచ్చిన వెనిస్ బంగారు డ్యూకట్ల మీద ఒకవైపు ఆ నగర పాలకుడు సెయింట్ మార్కు ముందు మోకరిల్లి ఉంటాడు, రెండోవైపు నక్షత్రాల కోడిగుడ్డు ఆకారంలో క్రీస్తు నిలబడి ఉంటాడు. బంగారం మేలైనదని మన కంసాలులు వాటినే అచ్చుగా తీసుకుని నగలకు బిళ్ళలు కొట్టారు. చూసి గీసినదాన్ని చూసి మళ్ళీ గీస్తూ పోతే లాటిన్ అక్షరాలు గీతలయ్యాయి, సెయింటు సీతమ్మలా మారాడు. అసలు డ్యూకట్ దాదాపు 3.5 గ్రాములు. మీది అంతకంటే పల్చగా, అక్షరాలు వట్టి పుల్లల్లా ఉంటే ఇక్కడి పని. బంగారమైతే బంగారమే, పనితనం అదనం. దయచేసి కరిగించకండి.

కాసులపేరు బిళ్ళలదీ ఇంతే. అసలు సవరను, అంటే బ్రిటిషు బంగారు నాణెం, 7.98 గ్రాములు. కాసు అంటే ఎనిమిది గ్రాములన్న లెక్క అక్కణ్ణుంచే వచ్చింది.

గుండ్రంగా, మందంగా ఉంది, గీత కూడా లేదు.

తూచండి. 11.66 గ్రాములో, దానిలో సగమో, రెట్టింపో వస్తే తూకపు రాయి. పాత తులం అదే, రూపాయి బరువూ అదే. ఎనభై రూపాయల ఎత్తు ఒక శేరు. ఇప్పుడు నగల దుకాణంలో పది గ్రాములను తులం అంటున్నారు కాబట్టి ఆ లెక్కతో చూసి పొరపడకండి. కిందివైపు గుంటలో సీసం నింపి ముద్ర కొట్టి ఉంటే తూనికలవాళ్ళు తనిఖీ చేసినదన్నమాట.

పల్చగా ఉంది, కొత్తదిలాగే ఉంది, ఏమీ లేదు.

కరెంటు స్విచ్‌బోర్డు ఇనుప పెట్టెకు పైపు దూర్చడానికి గుండ్రటి మూత కొట్టి తీస్తారు, అది. అంచులో ఒకటి రెండు చోట్ల తెగిన నోరు కనబడుతుంది. ఇంజనులో బిగించే మూతబిళ్ళ అయితే గిన్నెలా పల్లంగా ఉంటుంది. వెనక ఊడిన కొక్కెం మచ్చ ఒక్కటే ఉంటే కోటు గుండీ. ఇవి రోజుకొకటి వస్తాయి, ఎవరినీ తప్పుపట్టను.

ఒక్కటి మాత్రం మినహాయింపు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం, రెండు వైపులా అంచు వేరువేరుగా ఉంటే అది బటన్ బ్యాటరీ. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవడం మొదలవుతుంది. నాకు ఫొటో పంపుతూ కూర్చోకండి, ఆసుపత్రికి పరుగెత్తండి.

విదేశాల నుంచి వచ్చిన బావగారి జేబులో దొరికాయి.

"నో క్యాష్ వాల్యూ" అని ఉంటే ఆటల మెషీనుదో కారు కడిగే మెషీనుదో. ఎన్‌వైసి అక్షరాలుంటే న్యూయార్క్ సబ్‌వే టోకెను, 1953 నుంచి 2003 వరకు నడిచింది. జర్మనీలో చదివే పిల్లలు తెచ్చే, ఒక యూరో సైజులో ఉండే బిళ్ళ సూపర్‌మార్కెట్ తోపుడుబండి తాళానిది.

అమ్ముదామంటే ఎవరిని నమ్మాలి?

ముందు రుసుము, జీఎస్టీ, కమీషను కట్టమని అడిగేవాణ్ణి మాత్రం కాదు. వైష్ణోదేవి ఐదు రూపాయలకు లక్షలిస్తామంటూ రిజర్వు బ్యాంకు పేరు వాడే మోసాలు ఎంత పెరిగాయంటే, 2021 ఆగస్టులో ఆ బ్యాంకే తాము పాత నాణేలు కొనే వ్యవహారంలో లేమని, ఏ కమీషనూ అడగమని ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. నేర్చుకోవాలంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని నాణేల ముందు ఒక పూట గడపండి. సైఫాబాద్ పాత టంకశాలలో కూడా ఇప్పుడు మ్యూజియం ఉంది.

మీకు ఫొటో పంపాలంటే ఎలా?

రెండువైపులా, అంచు కూడా. పక్కన స్కేలు పెట్టండి, రూపాయి బిళ్ళ పెట్టకండి, రూపాయలు ఇప్పుడు నాలుగైదు సైజుల్లో ఉన్నాయి. బరువు, అయస్కాంతం సంగతి, ఎక్కడ దొరికింది, ఇంట్లో ఎవరు ఏ పని చేసేవారు, ఈ నాలుగూ రాయండి. చివరిదాన్ని అందరూ వదిలేస్తారు.

కిందటేడు ఒకమ్మాయి వాళ్ళ తాతగారి కళ్ళజోడు పెట్టెలో దొరికిన బిళ్ళ పంపింది. ఇత్తడి, చిల్లు లేదు, నంబరు 38, గాడిలో ఎర్రలక్క ఇంకా ఉంది. తాతగారు బడిపంతులు అని రాసింది. బ్యాంకు టోకెనని చెప్పాను. అరగంట తర్వాత వాళ్ళమ్మగారు ఫోను చేశారు. పెన్షను తీసుకోవడానికి వెళ్ళి, జనం ఎక్కువగా ఉన్నారని బెంచీ మీద కూచుని, ఎండ దిగాక ఖాళీ చేతులతో ఇంటికొచ్చారట ఒకరోజు. నంబరు పిలిచినప్పుడు ఆయనకు వినబడలేదు. చెవుడు ఇంట్లో అందరికీ తెలిసింది ఆ రోజేనట. ఆ టోకెను పోయిందని బ్యాంకువాళ్ళు ఆయన దగ్గర పది రూపాయలు కట్టించుకున్నారని కూడా ఆవిడకు గుర్తుంది.